ఎకనమిక్స్ డిగ్రీలో లెక్కలెంత?

ఇంటర్ ఎంఈసీ తర్వాత ఎకనమిక్స్ చదవాలనుకునే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు 'ఏ దేశం మేలు?' అని అడుగుతుంటారు. ముందు తేల్చుకోవాల్సింది గణితం సంగతి.

మైక్రో, మాక్రో, ఎకనామెట్రిక్స్ ఎక్కడ చదివినా తప్పవు. వాటిని ఎంత లోతుగా చెబుతారన్న దగ్గరే తేడా. వినియోగదారుడి సమతౌల్యం పాఠమే తీసుకోండి. మామూలు బి.ఏ. తరగతిలో ఉదాసీనతా వక్రరేఖ గీసి, బడ్జెట్ రేఖ దాన్ని తాకే బిందువు చూపిస్తే పాఠం అయిపోతుంది. పటం శుభ్రంగా వేస్తే మార్కులు పడిపోతాయి. అదే పాఠానికి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్ విద్యార్థి యుటిలిటీ ఫంక్షన్ తీసుకుని, లాగ్రాంజ్ పద్ధతిలో డిమాండ్ సమీకరణం రాబట్టాలి. కలన గణితం రాకపోతే ఆ ప్రశ్న వదిలేయాల్సిందే.

అందుకే అక్కడా, కేంబ్రిడ్జ్‌లోనూ ఎకనమిక్స్ సీటుకు గణితం తప్పనిసరి. ఇంగ్లండ్‌లో డిగ్రీ మూడేళ్లే. మొదటి రోజు నుంచే ఎకనమిక్స్. చేరాక మనసు మారితే కష్టం. ఆక్స్‌ఫర్డ్‌లో అయితే విడిగా ఎకనమిక్స్ డిగ్రీయే లేదు. తత్వశాస్త్రం, రాజనీతిశాస్త్రాలతో కలిపి పీపీఈగానో, చరిత్రతోనో, మేనేజ్‌మెంట్‌తోనో చదవాలి.

అమెరికాలో నాలుగేళ్లు. మొదట రకరకాల సబ్జెక్టులు చదివి, సాధారణంగా రెండో ఏడాది చివరికి మేజర్ ఎంచుకుంటారు. ఏం చదవాలో ఇంకా తేలని వాళ్లకు ఇది హాయి, ఖర్చే భారం. అక్కడ 'ఎకనామెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనమిక్స్' కోడ్ కింద నమోదైన డిగ్రీ ప్రభుత్వ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంది, మామూలు ఎకనమిక్స్ కోడ్ అందులో లేదు. చదువయ్యాక ఓపీటీ అనే తాత్కాలిక అనుమతి మీద పనిచేసే గడువు 12 నెలలా, 36 నెలలా అన్నది ఈ కోడ్‌తోనే తేలుతుంది. ఈ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు సరిచూసుకోండి.

జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు చాలాచోట్ల నామమాత్రమే. కానీ బ్యాచిలర్స్ కోర్సులు ఎక్కువగా జర్మన్ భాషలోనే సాగుతాయి.

ఇక మన దేశంలో ఢిల్లీ యూనివర్సిటీ ఆనర్స్‌కు పన్నెండో తరగతిలో గణితం ఉండాలి. కాన్పూర్, బాంబే ఐఐటీల బీఎస్ ఎకనమిక్స్‌కు జేఈఈ అడ్వాన్స్‌డ్ దారి, అది ఎంపీసీ వాళ్లకే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎం.ఏ. ఉంది. అప్పు చేసి విదేశంలో డిగ్రీ చదివే కన్నా ఇలాంటి చోట గట్టి పునాది వేసుకుని, మాస్టర్స్‌కు బయటికి వెళ్లడమే మంచిదని నా అభిప్రాయం.

ఇంటర్‌లో గణితం లేని సీఈసీ, హెచ్ఈసీ వాళ్లకు ఢిల్లీ ఆనర్స్ లాంటి తలుపులు మూసుకున్నట్టే. అయినా నిరాశ అక్కర్లేదు. ఎకనమిక్స్‌తో పాటు స్టాటిస్టిక్స్ దొరికే కాలేజీ చూసుకోండి, కలన గణితం సొంతంగా మొదలుపెట్టండి. 'కోర్ ఎకాన్' పాఠ్యపుస్తకం ఆన్‌లైన్‌లో ఉచితం.

ఏ కోర్సులో చేరినా ఫీజు కట్టే ముందు దాని రెండో ఏడాది సిలబస్ తెరిచి, మైక్రో పాత ప్రశ్నపత్రం ఒకటి సంపాదించి చదవండి.