ఓటు వేసిన మరునాడు



మా ఊరి చెరువు తూము కారి నీళ్లు వృథాగా పోతున్నవని మా బాపు రోజూ బాధపడతాడు. 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో పొలం పని ఆపుకొని పోయి ఓటు వేసినాడు, నేనూ వేసిన. తర్వాత "గ్రామసభకు పోయి తూము సంగతి అడుగుదాం బాపూ" అంటే, "ఓటేసినం గదా బిడ్డా, ఇగ మనదేముంటది?" అన్నాడు.

మన రాజ్యాంగంలో 1976లో చేర్చిన 51-ఎ అధికరణం పౌరుల ప్రాథమిక విధులను చెబుతున్నది. ఇప్పుడవి పదకొండు. చిత్రమేమంటే వాటిలో ఓటు వేయుట లేదు! ప్రజల ఆస్తిని కాపాడుట ఉన్నది. శాస్త్రీయ దృష్టిని, విచారించి తెలుసుకొనే గుణాన్ని పెంచుకొనుట ఉన్నది. సైన్సు విద్యార్థులమైన మనం ప్రయోగశాలలో అన్నీ ప్రశ్నిస్తాం, ఊళ్లో మాత్రం నోరు మెదపం.

అడిగే చోటు లేదా? ఉన్నది. ఊరి ఓటర్లందరూ గ్రామసభ సభ్యులే. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకొకసారైనా సభ జరగాలి. లెక్కలు కావాలంటే 2005 సమాచార హక్కు చట్టమున్నది. 30 రోజుల్లో జవాబివ్వాలి. గ్రామస్థాయిలో దరఖాస్తుకు రుసుము కూడా లేదు.

2006లో ఉపాధి హామీ పథకం మొదలైన తొలి జిల్లాలలో మన కరీంనగర్, ఆదిలాబాద్ ఉన్నవి. ఆ పథకం సామాజిక తనిఖీలలో మస్టర్లను కూలీల ముందే చదివి సరిచూసేవారు. చదువురాని వాళ్లు లెక్క అడిగినప్పుడు, కాలేజీ చదివే మనకేమైంది?

విత్తనం వేసి ఇంట్ల కూర్చుంటే పంట రాదు. నీళ్లు పెట్టాలె, కలుపు తీయాలె. ఓటు విత్తనమే. ఈ మాటే బాపుకు చెప్పిన. వచ్చే గ్రామసభకు ఇద్దరం పోతున్నం. మరి మీరు?