పోయిన డబ్బు కోసం మళ్ళీ ఆట

(ప్రశ్నలు - జవాబులు)

పేకాట కావచ్చు, క్రికెట్ బెట్టింగ్ కావచ్చు, కోడిపందెం కావచ్చు. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో పదే పదే వినిపించే మాట ఒకటుంది: “పోయింది రాబట్టుకుని మానేస్తా.” సరదాగా మొదలైన ఆట కన్నా, పోయినదాన్ని వెనక్కి తెచ్చుకోవాలన్న పంతమే ఎక్కువ ఇళ్ళను ముంచుతుంది. ఈసారి ప్రశ్నలన్నీ డబ్బు పెట్టి ఆడే ఆటల చుట్టూ తిరిగేవే.

ప్రశ్న: మావారు ప్రైవేటు ఉద్యోగి. ఫోన్లో రమ్మీ ఆడి దాదాపు ఆరు లక్షలు పోగొట్టారు. నా గొలుసు తాకట్టు పెట్టిన సంగతి బ్యాంకు నోటీసు వచ్చాకే తెలిసింది. లోన్ యాప్‌ల వాళ్ళు రోజూ ఫోన్లు చేస్తున్నారు. “మీ నాన్నగారిని అడిగి రెండు లక్షలు తెప్పించు, బాకీలు తీర్చేసి ఇక దాని జోలికి పోను” అంటున్నారు. తెప్పించనా? - ఒక ఇల్లాలు, గుంటూరు

జవాబు: తెప్పించినా ఆయన చేతికి మాత్రం ఇవ్వకండి. డబ్బు చేతిలో పడగానే అప్పిచ్చినవాళ్ళ కన్నా ముందు ఆట గుర్తొస్తుంది. రెండు లక్షల్ని నాలుగు లక్షలు చేసి అందరివీ ఒకేసారి తీర్చేయొచ్చు అనిపిస్తుంది. ఆ క్షణంలో ఆయన మిమ్మల్ని మోసం చేస్తున్నానని అనుకోరు, నిజంగానే నమ్ముతారు. చిక్కంతా అక్కడే ఉంది.

అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన రోగనిర్ధారణ గ్రంథాన్ని సవరించినప్పుడు జూదాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాలున్న అధ్యాయంలో చేర్చింది. తొమ్మిది లక్షణాలు చెప్పి, ఏడాది వ్యవధిలో వాటిలో నాలుగు కనిపిస్తే జబ్బుగానే చూడాలంది. పోయినదాని కోసం మళ్ళీ ఆడడం, ఇంట్లో దాచడం, బాకీల నుంచి గట్టెక్కించమని అయినవాళ్ళను అడగడం ఆ జాబితాలోవే. మీ ఉత్తరంలో కనీసం రెండు స్పష్టంగా ఉన్నాయి. అంటే ఆయనకు కావలసింది డబ్బు ఒక్కటే కాదు, వైద్యం కూడా.

ముందు ఇద్దరూ కూర్చుని అప్పులన్నీ ఒక కాగితం మీద రాయండి. ఎవరికెంత, వడ్డీ ఎంత, ఏది తాకట్టులో ఉంది అన్నీ. మొదటిసారి చెప్పే లెక్కలో కొంత దాగి ఉండడం మామూలే కాబట్టి బ్యాంకు స్టేట్‌మెంట్లతో సరిచూడండి. కొన్నాళ్ళపాటు జీతం ఖాతా, ఏటీఎం కార్డు, ఫోన్ చెల్లింపులు మీ చేతిలో ఉండాలి. ఇది ఆయనకు అవమానం అనిపించకుండా, కాలు విరిగినవాడికి కట్టు కట్టినట్టే ఇదీ అని చెప్పండి. మీ నాన్నగారు సాయం చేస్తే, ముందుగా గొలుసు విడిపించి, ఎక్కువ వడ్డీ అప్పులు మీరే నేరుగా తీర్చండి.

చట్టం సంగతి. భర్త సొంతంగా చేసిన అప్పు పత్రాల మీద మీ సంతకం గానీ హామీ గానీ లేకపోతే అది మీ అప్పు కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందాలు చెల్లవు, పందెంలో ఓడిన సొమ్ము ఇప్పించమని కోర్టుకెక్కే వీలు లేదు. అయితే ఆడడానికి వేరొకరి దగ్గర నోటు రాసి తెచ్చిన అప్పు సంగతి వేరు. అలాంటి కాగితాలు వకీలుకు చూపించాలి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది, నంబరు 15100. లోన్ యాప్‌ల వాళ్ళు ఆయన ఫోన్‌లోని నంబర్లకు కాల్ చేసి పరువు తీస్తామంటే భయపడకండి. యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు తీసుకోకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే నిబంధన పెట్టింది. స్క్రీన్‌షాట్లు దాచి, 1930కి ఫిర్యాదు చేయండి.

వైద్యానికి మొదటి మెట్టు టెలీ మానస్, నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. ఆయన నోట “బతికి ఏం లాభం” అనే మాట ఒక్కసారి వచ్చినా బెదిరింపని కొట్టిపారేయకండి. ఒంటరిగా వదలకుండా ఆ నంబరుకు ఫోన్ చేయండి.

ప్రశ్న: రమ్మీ నైపుణ్యం ఉన్న ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది. నేను ముక్కల లెక్క బాగా గుర్తుపెట్టుకుంటాను. యాప్‌లు మూతబడ్డాక శనివారాలు మిత్రుల ఫ్లాట్‌లో డబ్బు పెట్టి ఆడుతున్నాం. దీన్ని జూదం అనడం న్యాయమా? - సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: కోర్టు ఆ మాట అన్నది నిజం. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పోలీసులు పెట్టిన కేసులో 1967లో వచ్చిన తీర్పు అది. మూడు ముక్కలాటలా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదని న్యాయమూర్తులు అన్నారు. కానీ నిర్వాహకులు ఆట మీద లాభం చేసుకుంటే నేరం కావచ్చని ఆ తీర్పే చెప్పింది. ప్రకటనల్లో మొదటి సగమే వినిపించింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అనే తేడా చూడకుండా ఆన్‌లైన్ డబ్బు ఆటలన్నిటినీ ఆపింది. నడిపేవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఏటా 45 కోట్ల మంది దాదాపు 20,000 కోట్లు పోగొట్టుకుంటున్నారని ఆ బిల్లు తెచ్చినప్పుడు కేంద్రం అంచనా చెప్పింది. స్నేహితుడి ఫ్లాట్ కదా అన్న ధీమా కూడా వద్దు. పోలీసులు దాడి చేసి కేసులు పెట్టే చోట్లలో అపార్ట్‌మెంట్లూ ఉంటున్నాయి.

ఇక నైపుణ్యం మాట. ఇద్దరు చెరో వంద పెట్టి ఆడితే, యాప్ నూటికి పది కమిషన్ తీసుకుంటుందని అనుకుందాం. గెలిచినవాడికి 180 వస్తాయి, అంటే లాభం 80, ఓడితే నష్టం 100. నూరు ఆటల్లో 55 గెలిచినా వంద రూపాయలు పోయినట్టే. మీతో సమానంగా ఆడేవాళ్ళ మధ్య నూటికి 56 ఆటలు, నెలల తరబడి గెలవగలరా? యాప్‌లో ఎంత వేశారు, ఎంత వెనక్కి తీసుకున్నారు అన్నది పాత బ్యాంకు స్టేట్‌మెంట్లో ఉంటుంది. గెలిచిన రాత్రుల జ్ఞాపకం కన్నా ఆ రెండు అంకెలే నమ్మదగ్గవి.

ఫ్లాట్‌లో కమిషన్ లేదు, నిజమే. అక్కడ మీరు గెలిచే ప్రతి రూపాయీ ఎదురుగా కూర్చున్న మిత్రుడి జీతంలోంచి వస్తుంది. ఓడినవాడు “ఇంకొక్క ఆట” అన్నప్పుడు లేచి రావడం మీలో ఎవరికి చేతనైంది? “ఇన్నిసార్లు ఓడాను, ఇక నా వంతు” అనేది అన్నిటికన్నా పాత భ్రమ. 1913 ఆగస్టులో మాంటెకార్లో క్యాసినోలో రూలెట్ బంతి వరసగా 26 సార్లు నల్ల గడిలోనే పడింది. ఈసారి ఎరుపు రాక తప్పదని రెట్టింపు చేస్తూ పోయినవాళ్ళు లక్షల ఫ్రాంకులు పోగొట్టుకున్నారు. ముందు ఏం పడిందో బంతికి గుర్తుండదు, పేకకూ గుర్తుండదు. ముక్కల మీద అంత ప్రేమ ఉంటే డబ్బు తీసేసి ఆడండి. రెండు వారాల్లో ఆసక్తి పోతే మీరు ప్రేమించింది రమ్మీని కాదని మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. నేను అమెరికాలో ఉంటాను. సంక్రాంతికి వచ్చినప్పుడు అన్నదమ్ములం కలిసి కోడి మీద పందెం కాస్తాం. ఏడాదికి మూడు రోజులు. సంప్రదాయాన్ని కూడా తప్పంటారా? - ఒక ప్రవాసాంధ్రుడు

జవాబు: పుంజును మేపడం, డేగా కాకీ నెమలీ అని రంగు చూసి బలం అంచనా వేయడం మన పల్లెల విద్యే, కాదనడానికి లేదు. కానీ జంతువులను పోట్లాటకు దించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. హైకోర్టు 2016 డిసెంబరులో పందేలు ఆపమని ఆదేశించింది కూడా. కాలికి కత్తి కట్టిన పుంజు మనిషికీ ప్రమాదమే. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లాలో తన కోడి కత్తి తగిలి ఒక వ్యక్తి ప్రాణమే పోయింది.

మీకు మూడు రోజుల సరదా కావచ్చు. బరి పక్కనే గుండాట బల్ల దగ్గర నిలబడ్డ కౌలురైతుకు అది పంట డబ్బు. మీరు వేసే పెద్ద పందెం చూసే అతనూ చెయ్యి పెడతాడు. మీరు విమానం ఎక్కి వెళ్ళిపోతారు, అతని అప్పు ఊళ్ళోనే ఉంటుంది. అన్నదమ్ములు కలిసి కూర్చోవడానికి పండగ చాలు. ఈసారి ఆ పందెం డబ్బుతో ఊరి బడికి ఏదైనా చేయండి.

ప్రశ్న: ఇంజినీరింగ్ చదివే మా అబ్బాయి నెలకు ఐదు వేలిస్తారని తన బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ ఎవరికో ఇచ్చాడు. ఇప్పుడు ఖాతా స్తంభింపజేశారు. బెట్టింగ్ డబ్బు అందులో తిరిగిందట. వాడు ఎప్పుడూ ఆడలేదు. భయపడాలా? - ఒక తల్లి, వరంగల్

జవాబు: భయపడి దాచడం కన్నా ముందే బయటపడడం మేలు. విదేశాల నుంచి నడిచే బెట్టింగ్ యాప్‌లు ఇలాంటి అద్దె ఖాతాల గుండానే డబ్బు తిప్పుతాయి. ఖాతా ఎవరి పేరున ఉంటే పోలీసులు మొదట అడిగేది వాళ్ళనే. ఆడలేదు కాబట్టి సంబంధం లేదంటే సరిపోదు, అమ్మా. ఖాతా తీసుకున్నవాళ్ళతో జరిపిన చాటింగ్ ఒక్కటీ చెరపవద్దనండి. ఒక వకీలును వెంటబెట్టుకుని అబ్బాయితో బ్యాంకుకూ, సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్‌కూ వెళ్ళి జరిగింది రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ సిమ్‌ను వెంటనే బ్లాక్ చేయించండి. అదే క్యాంపస్‌లో ఇంకెందరు ఖాతాలిచ్చారో అబ్బాయికి తెలిసే ఉంటుంది. వాళ్ళ తల్లిదండ్రులకు కూడా ఈ వారంలోనే చెప్పండి.