మద్యపానం – వాహన చోదనం – చట్టం

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసి త్రినగరిగా పేరొందాయి. హైదరాబాదు నుండి వచ్చే జాతీయ రహదారిపై రాత్రివేళ పోలీసులు వాహనాలను ఆపి, చోదకుల చేత శ్వాస పరీక్ష యంత్రంలోనికి ఊదించడం ఈ నగరవాసులకు కొత్త విషయం కాదు. అయితే ఆ యంత్రంపై కనిపించిన అంకె వెంట ఏమేమి వస్తాయో తెలిసినవారు తక్కువ. హెల్మెట్ లేనందుకు చలానా కట్టినట్లే దీనికీ కొంత సొమ్ము చెల్లించి ఇంటికి పోవచ్చునని అనేకుల భావన. అది నిజం కాదు.

మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. అందులోని 185వ సెక్షను ప్రకారం వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉన్న వ్యక్తి వాహనం నడపడం నేరం. నడపడమే కాదు, నడపడానికి ప్రయత్నించడం కూడా నేరమే. ఎవరికీ దెబ్బ తగలనక్కరలేదు. "నేను బాగానే నడుపుతున్నాను గదా!" అనే వాదానికి ఇక్కడ చోటు లేదు. మిత్రుడు తాగి ఉన్నాడని తెలిసీ బండి నడపమని ప్రోత్సహించినవానికి కూడా 188వ సెక్షను అదే శిక్షను విధించింది.

ఈ నేరాన్ని దారిలోనే జరిమానాతో ముగించే అధికారం పోలీసులకు లేదు. కేసు మేజిస్ట్రేటు ముందుకు వెళ్తుంది. మొదటిసారి అయితే ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మరల పట్టుబడితే రెండేళ్ల వరకు జైలు, లేదా పదిహేను వేల జరిమానా, లేదా రెండూ. 2019 సవరణకు ముందు మొదటి నేరానికి జరిమానా రెండు వేలకు మించేది కాదు. తప్పు ఒప్పుకొని జరిమానా కట్టినంత మాత్రాన కేసు కొట్టివేసినట్లు కాదు. దోషిగా నిర్ధారణ అయినట్లే. దోషి అయినవానిని కనీసం ఆరు నెలలు లైసెన్సుకు అనర్హునిగా ప్రకటించాలని అదే చట్టం చెబుతున్నది. ఆటో నడిపి కుటుంబాన్ని పోషించేవానికి పదివేల రూపాయల కంటె ఈ ఆరు నెలలే భారమని వేరుగా చెప్పనక్కరలేదు.

నిందితునికీ చట్టం కొంత రక్షణ కల్పించింది. నోటి వాసన, తడబడే నడక మాత్రమే చాలవని 1971లోనే సుప్రీంకోర్టు ఒక కేసులో పేర్కొన్నది. అలాగని పరీక్షకు నిరాకరించడం తెలివి కాదు; సరైన కారణం లేని నిరాకరణను అతనికి వ్యతిరేకంగా పరిగణించవచ్చు. తాగి నడిపాడన్న కారణంతో వాహనాన్ని జప్తు చేయరాదని, తాగని తోడు మనిషికో, కబురందుకొని వచ్చిన బంధుమిత్రులకో అప్పగించాలని తెలంగాణ హైకోర్టు 2021లో ఆదేశించింది.

ప్రాణం పోయినప్పుడు పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. ఇందుకు ముంబయిలో జరిగిన ఒక ఘటన ఉదాహరణ. 2006 నవంబరు 12 తెల్లవారుజామున, మద్యం సేవించిన ఒక యువకుడు నడిపిన కారు కాలిబాటపై నిద్రిస్తున్న కూలీల మీదికి దూసుకుపోయింది. ఏడుగురు మరణించారు. దిగువ కోర్టు దానిని నిర్లక్ష్యంగా భావించి ఆరు నెలల శిక్ష విధించింది. హైకోర్టు అంగీకరించలేదు. మత్తులో అతివేగంగా నడిపితే మనుషులు చనిపోవచ్చునని తెలిసీ నడిపాడు కనుక అది శిక్షార్హమైన నరహత్య అని నిర్ణయించి మూడేళ్ల జైలు విధించింది. 2012లో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం నిర్లక్ష్యం వల్ల మరణానికి ఐదేళ్ల వరకు, తెలిసి చేసిన నరహత్యకు పదేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

జూనియర్ కళాశాల విద్యార్థులలో అనేకులకు పద్దెనిమిదేళ్లు నిండవు. అటువంటి బాలుడు ఈ నేరం చేస్తే, తనకు తెలియకుండా జరిగిందని నిరూపించుకోలేని తండ్రికి, లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాది పాటు రద్దవుతుంది. ఆ బాలునికి ఇరవై ఐదేళ్లు నిండేవరకు లైసెన్సు రాదు. అతని తోటివారు డిగ్రీ ముగించుకొని, ఉద్యోగాలలో చేరి, సొంత బండి మీద తిరుగుతూ ఉంటారు.