వేలం లారీకి ముందు బ్రేకులు



వేలంలో ఆరు చక్రాల లారీ పాడావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషంరా మేనల్లుడూ. అయితే ఫైనాన్స్ వాళ్లు పట్టుకొచ్చిన బండి సంగతి వేరు. వాయిదాలే కట్టలేనివాడు ఆయిల్ మార్పిస్తాడా, గ్రీజు కొట్టిస్తాడా? ఆపైన నెలల తరబడి యార్డులో ఎండకీ వానకీ నిలబడి ఉంటుంది. తిరిగి అరిగింది కంటికి కనిపిస్తుంది. తిరక్క చెడిందే కనిపించదు. కొత్త రంగు చూసి మురిసిపోకు. కూచిపూడి వాడివి, ఆహార్యం వెనక మనిషెవరో పసిగట్టడం నీకు నేర్పాలా?

ముందు సెల్ఫ్ కొట్టకు. డీజిల్ ట్యాంకు అడుగు బోల్టు విప్పి గాజు సీసాలోకి కాస్త పట్టు. నీళ్లుంటే అడుక్కి దిగి విడిగా కనిపిస్తాయి. అప్పుడు ట్యాంకు కడిగించి, డీజిల్ ఫిల్టర్లు మార్చు. ఇంజనాయిల్ పుల్ల తీసి చూడు. పాల టీ రంగులో ఉంటే ఆయిల్లో నీళ్లు కలిశాయి, స్టార్ట్ చేయనే వద్దు. వైర్లు ఎలుకలు కొరికాయేమో కూడా చూసుకో. స్టార్టయ్యాక ఆయిల్ పోసే మూత తీసి చూడు, పొగ బుసబుసా కొడితే రింగులు అరిగినట్టే. అయినా ఇంజన్ విప్పుదామని ఎవరన్నా ఇప్పుడే ఒప్పుకోకు. ఆయిలూ ఫిల్టర్లూ మార్చి కొన్నాళ్లు తిప్పాక చూద్దాం.

డబ్బు ముందు పెట్టాల్సింది బ్రేకుల మీద. పామర్రు నుంచి ఉయ్యూరు, కంకిపాడు మీదుగా బెజవాడ రోడ్డు బాగానే ఉంటుంది. నీ సంపాదన మాత్రం ధాన్యం బస్తాలతో కాలవ గట్ల మీద. అక్కడ బ్రేకు ఒక పక్కకి లాగిందంటే బండి కాలవలోనే తేలుతుంది.

చక్రాలకు అడ్డు పెట్టి, గాలి ట్యాంకు కింద రింగు లాగు. కాస్త నీళ్లొస్తే పరవాలేదు. నల్లగా ఆయిల్ చిమ్మితే కంప్రెసర్ పని ఉంది. గాలి నిండాక ఇంజన్ ఆపి, పెడల్ తొక్కి పట్టుకో. మీటర్లో ముల్లు కొంచెం పడి ఆగాలి, పడుతూనే ఉంటే ఎక్కడో లీకు. కిందికి ఇంకొకణ్ణి పంపి, పైపుల జాయింట్లకి సబ్బునీళ్లు రాయించు. తర్వాత నాలుగు వైపులా డ్రమ్ములు విప్పించి, దగ్గరుండి చూడు. డ్రమ్ములో బీటలున్నాయేమో చేత్తో తడుము. లైనింగ్ మీద నూనె తడి కనిపిస్తే హబ్ సీలు పోయింది. పెట్రోలుతో కడిగి బిగిద్దామంటారు, వద్దను. నూనె పీల్చిన లైనింగ్ మళ్లీ సరిగా పట్టదు.

స్టీరింగు, కింగ్ పిన్నులు, కమాను కట్టల మధ్య బోల్టులు కూడా అప్పుడే చూపించెయ్. టైరు మీద అచ్చేసిన నాలుగంకెలు చదువు. 3219 అంటే 2019లో 32వ వారం తయారీ. గాట్లు బాగున్నాయని పాత టైరుని నమ్మకు, ముఖ్యంగా ముందు చక్రాలకి.

పనికి మన బెజవాడ ఆటోనగర్‌కే తీసుకురా. ఇక్కడ కమాన్ల మేస్త్రి వేరు, రేడియేటర్ మేస్త్రి వేరు. బండి మొత్తం ఒకరికే అప్పజెప్పకు. మార్చిన ప్రతి పాత సామానూ అడిగి తీసుకో.

ఇక కాగితాలు. చాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోల్చు. పాత చలాన్లు, పన్ను బకాయిలు లెక్క తేల్చుకో. పేరు మార్పుకీ, ఫైనాన్స్ తొలగింపుకీ కావాల్సిన 29, 30, 35 నంబరు ఫారాలు సంతకాలతో సహా ఫైనాన్స్ వాళ్ల దగ్గర వెంటనే పుచ్చుకో. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. చేతులు మారిన 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ నీ పేరుకి మార్చమని దరఖాస్తు పెట్టాలి. ఆ పాలసీ నీ పేరున చేతికొచ్చేదాకా, మాసూళ్ల రోజులైనా సరే, బండిలోకి ఒక్క బస్తా కూడా ఎక్కించకు.

మీ మామయ్య