ఒక్క స్వరముగా పాడు ఆనందము

పాఠ్యభాగములు: 1 దినవృత్తాంతములు 25:6–8, 2 దినవృత్తాంతములు 5:11–14, కొలొస్సయులకు 3:16



సొలొమోను మందిర ప్రతిష్ఠ దినమున 120 మంది యాజకులు బూరలూదిరి. గాయకులు తాళములతోను తంతివాద్యములతోను వారిని కూడుకొనిరి. ఇందరు కూడినను వినబడినది ఒక్క ధ్వనియే. అప్పుడు దేవుని మహిమ మేఘమై మందిరమును నింపెను. ఆ ఐక్యము ఒక్క దినములో కలిగినది కాదు. దావీదు కాలముననే 288 మంది పాటలో నేర్పు పొందియుండిరి. స్తుతికి హృదయము కావలెను, అభ్యాసమును కావలెను.

జర్మనీ దేశమున లైప్‌జిగు పట్టణములో యోహాన్ సెబాస్టియన్ బాక్ అను సంగీత విద్వాంసుడుండెను. 1723 మొదలు 1750లో మరణించువరకు అక్కడి ఆరాధనలకు సంగీతము కూర్చి, బడిపిల్లలకు పాట నేర్పెను. అనేక కృతుల చివర మూడు అక్షరములు వ్రాసెను. వాటి భావము, దేవునికి మాత్రమే మహిమ అని. అతని బృందగానములలో తరచుగా నాలుగు స్వరములు నాలుగు త్రోవల నడచును. ఒకటి మొదలిడగా మరియొకటి వేచియుండి అందుకొనును. వేచియుండ నేరనివాడు ఆ పాట పాడలేడు.

ఆ స్వరముల అడుగున చెల్లో అను వాద్యము మ్రోగును. అది వయొలిన్ వంటిదే గాని మిక్కిలి పెద్దది. కూర్చుండి మోకాళ్ల నడుమ నిలిపి వాయింతురు. వినువారు దానినంతగా గమనింపరు గాని, అది ఆగినయెడల పాటకు పునాది పోవును. ఆ వాద్యము ఒంటరిగా మ్రోగుటకు బాక్ ఆరు కృతులు వ్రాసెను. అడుగున దాగి సేవచేయుదానిలో ఎంత సౌందర్యమున్నదో అవి చూపుచున్నవి.

మత్తయి సువార్తనుబట్టి అతడు కూర్చిన శ్రమల గానము 1727లో మొదట పాడబడెను. అతని మరణము తరువాత అది చాలకాలము మరుగుపడెను. 1829లో మెండెల్సన్ అను ఇరువది యేండ్ల యువకుడు బెర్లినులో గాయకులను కూర్చి, నేర్పి, పాడించెను. కాగితముమీదనున్న పాట మరల సజీవమాయెను.

మనకును అట్టి నిధియున్నది. మనకు ఉత్తరమున నున్న పర్లాకిమిడి ప్రాంతమువాడైన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మన రాగతాళములలో కీర్తనలు రచించిరి. పుస్తకములో రాగము పేరుండును. బాణీ మాత్రము మన పల్లెలలో నోటనుండి నోటికే వచ్చుచున్నది. బాణీ యెరిగిన ముసలితల్లి గతించినయెడల, కీర్తన పుస్తకములో నుండును గాని సంఘములో నుండదు.

మేమును ఒకప్పుడు బిగ్గరగా పాడుటయే భక్తి యనుకొంటిమి. క్రిస్మసు పాటల అభ్యాసమున మొదటి రాత్రి ఎవరి త్రోవ వారిదే. ఒకరి గొంతు ఒకరు విన నేర్చిన పిమ్మట, ఒక చరణమున అందరి స్వరములు ఒకటాయెను. ఏది ఎవరి గొంతో తెలియకపోయెను. ఒంటరిగా పాడినప్పుడు అట్టి ఆనందము మాకెన్నడును కలుగలేదు.

కావున కోటబొమ్మాళి మొదలు ఉద్దానపు కొబ్బరితోటల పల్లెలవరకు, ప్రతి సంఘము ఈ నెలలో ఒక పాత కీర్తనను పెద్దలయొద్ద కూర్చుండి నేర్చుకొనవలెనని కోరుచున్నాము. పొలము పని ముగిసిన తరువాత అరగంట చాలును. హార్మోనియము లేదని ఆగవద్దు. తాళమువేయు చేతులున్నవి గదా.

ఆలోచించుడి:
1. పాడునప్పుడు నా ప్రక్కవాని స్వరమును వినుచున్నానా?
2. సంఘములో చెల్లోవలె అడుగున దాగి సేవచేయువారెవరు? వారికి కృతజ్ఞత తెలిపితిమా?
3. మన పెద్దలకు మాత్రమే తెలిసిన కీర్తన యేది?

ప్రార్థన: ప్రభువా, మా అనేక స్వరములను ఒక్కటిగా చేయుము. మహిమ నీకే కలుగును గాక. ఆమేన్.