మందుల చీటీలో నడక

ఉచిత వైద్య శిబిరం అనగానే దాతలకు గుర్తొచ్చేది మందుల బల్ల. షుగరుకు ఒక మాత్ర, బీపీకి ఒకటి, మోకాళ్లకు నొప్పి బిళ్లలు. అవి అవసరమే, వాటికి ఇచ్చే ప్రతి రూపాయీ సార్థకమే. కానీ చీటీ చేతికిస్తూ డాక్టరుగారు చివర్లో "కాస్త నడవండమ్మా" అంటారు చూడండి, ఆ మాట మాత్రం రోగి గేటు దాటేలోపే గాలిలో కలిసిపోతుంది.

ఆ మాట నిలిచేలా ఏం చేయాలో న్యూజిలాండ్ వైద్యులు పరీక్షించి చూశారు. అక్కడ డాక్టరు మందు రాసినట్టే వ్యాయామాన్నీ కాగితం మీద రాసి ఇస్తారు. దాని పేరు గ్రీన్ ప్రిస్క్రిప్షన్. 1998లో వెలువడిన పరిశోధనలో కొందరికి నోటిమాటగా చెప్పారు, కొందరికి చెప్పి రాసి కూడా ఇచ్చారు. ఆరు వారాల తర్వాత చూస్తే, కాగితం అందుకున్నవారిలోనే ఎక్కువమంది కదలిక పెంచుకున్నారు. 2003లో మరో పరిశోధన వచ్చింది. అందులో 40 నుంచి 79 ఏళ్ల వయసు వారు 878 మంది. ఈసారి చీటీ ఇచ్చి ఊరుకోలేదు, తర్వాతి మూడు నెలల్లో వ్యాయామ సలహాదారులు ఫోన్ చేసి పలకరించారు. ఏడాది తర్వాత లెక్క తీస్తే, రాసిన ప్రతి 10 చీటీలకు ఒకరు అదనంగా వారానికి రెండున్నర గంటల వ్యాయామం అందుకున్నారు. పదికి ఒకరేనా అనిపించవచ్చు. ఒక కాగితానికీ కొన్ని ఫోన్లకూ అది చిన్న ఫలితమేమీ కాదని నా అభిప్రాయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పిన కొలత వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అంత వేగం చాలు. ఎన్నడూ నడవని మనిషికి ఆ అంకె చెబితే బెదిరిపోతాడు. చీటీలో "అసర్ నమాజు తర్వాత 10 నిమిషాలు, వీధి చివరిదాకా, రెండు వారాల తర్వాత 15 నిమిషాలు" అని ఉంటే పని మొదలవుతుంది. పనిచేసే కండరం ఇన్సులిన్ సాయం అంతగా లేకపోయినా రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. ఆ మేలు ఒకటి రెండు రోజులే నిలుస్తుంది కనుక షుగరున్నవారు వరుసగా రెండు రోజులకు మించి మానకూడదు.

ఇక్కడే నర్సు అవసరం. డాక్టరు ముందు తల ఊపి వెళ్లిపోయే ఆడవాళ్లు నర్సు దగ్గర నోరు విప్పుతారు.

"ఆపా, సాయంత్రం బయటికి వెళ్లే వీలుందా?"

"ఎక్కడమ్మా, పిల్లలు బడినుంచి వచ్చే వేళ."

"పోనీ, వాళ్లు తిన్నాక మేడ మీద పది నిమిషాలు నడవండి."

మోకాళ్ల నొప్పి ఉంటే కదలకూడదని చాలామంది నమ్మకం. నిజానికి కూర్చుండిపోతే తొడ కండరం నీరసించి నొప్పి ముదురుతుంది. కుర్చీలో కూర్చుని కాలు ముందుకు చాచి, కాసేపు నిలిపి దించడం నర్సే చేయించి చూపవచ్చు.

ఒక హెచ్చరిక కూడా ఉంది. 2008లో అదే దేశంలో నర్సుల సలహాతో 40–74 ఏళ్ల మహిళలపై రెండేళ్లు సాగిన పరిశోధనలో కదలిక పెరిగింది, దానితో పాటు పడిపోవడాలు, గాయాలు కూడా పెరిగాయి. అందుకే చీటీ రాసే ముందు చెప్పులు, పాదాల పుండ్లు, చూపు, తలతిరుగుడు చూసుకోవాలి. నడుస్తుండగా ఛాతీలో నొప్పి వస్తే వెంటనే ఆగిపోయి ఆసుపత్రికి వెళ్లాలని చెప్పాలి. ఇన్సులిన్ వాడేవారు చక్కెరో, గ్లూకోజో జేబులో ఉంచుకోవాలి.

రంజాన్ నెలకు చీటీ మార్చి రాయాలి. రోజా ఉన్న షుగరు రోగి ఇఫ్తార్‌కు ముందు గంటల్లో గట్టి శ్రమ చేస్తే చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. తరావీహ్ నమాజును ఆ రోజు వ్యాయామంలో భాగంగానే లెక్కించమని మధుమేహ నిపుణులు సూచిస్తున్నారు.

ఇదంతా నడవడానికి కావలసింది చీటీల పుస్తకం, ఒక ఫోను, వారానికి రెండు పూటలు రోగులను పలకరించే నర్సు జీతం. మందుల ఖాతా పక్కన ఈ పద్దుకూ చోటివ్వాలని దాతలను కోరుతున్నాను.