గోంగూర గడియారం

ఆస్ట్రేలియాలో స్థిరపడిన తెలుగువారి పెరళ్ళలో కరివేపాకు తరువాత అంత ఆప్యాయతకు నోచుకొన్న మొక్క గోంగూర. క్వీన్స్‌లాండ్ వాసులు దీనినే రోజెల్లా అని పిలిచి, ఎర్రని పుష్పకోశాలతో జామ్ చేసుకొంటారు. ఉత్తరాన డార్విన్ పరిసరాలలో ఇది తనంతట తానుగా మొలుస్తుంది. మెల్బోర్న్‌లో మాత్రం వేసవి అంతా ఆకు ఇచ్చి, గింజ పట్టకముందే చలికి నశిస్తుంది. భారతదేశం నుండి తెచ్చే విత్తనాలను విమానాశ్రయంలో విధిగా ప్రకటించాలి. నిబంధనలకు లోబడనివి లోనికి రావు. కనుక ఇక్కడి గోంగూర నుండి ఇక్కడే గింజ కట్టించుకొనగలమా అన్నది మన వంటింటికి సంబంధించిన ప్రశ్నే. దానికి సమాధానం రెండు విషయాలలో ఉన్నది: మొక్క కాలాన్ని ఎలా లెక్కిస్తుంది? కత్తెర వేస్తే దానిలో ఏమి జరుగుతుంది?

రాత్రిని కొలిచే మొక్క

1920లో గార్నర్, అలార్డ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు, కొన్ని మొక్కలు పుష్పించుట పగటి నిడివిపై ఆధారపడి ఉంటుందని ప్రకటించారు. ఈ లక్షణమే కాంతికాలావధి. మొక్క నిజానికి కొలిచేది పగటిని కాదు, ఎడతెగని చీకటిని అని తరువాతి పరిశోధనలు తేల్చాయి. ఆకులలోని ఫైటోక్రోమ్ అనే వర్ణకం వెలుగు, చీకట్ల సమాచారాన్ని గ్రహిస్తుంది. ఇటువంటి ప్రశ్నల పరిశీలనకే 1962లో క్యాన్‌బెరాలో సెరెస్ అనే ఫైటోట్రాన్ ప్రారంభమయింది. వెలుగు, ఉష్ణోగ్రతలను మనిషి అదుపులో ఉంచే గదుల సముదాయం అది. నేడు ఇళ్ళలో ఎల్.ఇ.డి. దీపంతో అమర్చుకొనే చిన్న గుడారాన్ని దానికి మనుమరాలు అనవచ్చు.

గోంగూర హ్రస్వదీప్తికాల మొక్క. రకాన్ని బట్టి కొంత భేదమున్నా, పగలు సుమారు 13 గంటలకు మించి ఉన్నంతకాలం అది పూత మాట తలపెట్టదు. డార్విన్‌లో అతి దీర్ఘమైన పగలు కూడ 13 గంటలకు చేరదు. ఆపైన అక్కడి శీతకాలం వెచ్చనిది. మెల్బోర్న్‌లో డిసెంబరు పగలు 14 గంటల 45 నిమిషాలు దాటుతుంది. అది 13 గంటలకు తగ్గేసరికి ఫిబ్రవరి చివరి వారం వస్తుంది. పూత మొదలై కాయ పండేలోగా చలి ముంచుకొస్తుంది. లోపం మట్టిలో లేదు, ఎరువులో లేదు, అక్షాంశంలో ఉన్నది.

కత్తెర చేసే పని

కాండం కొనన ఉన్న మొగ్గ, తన క్రింది కణుపులలోని మొగ్గలను ఎదగనీయదు. దీనిని అగ్రాధిక్యత అంటారు. కొనను తుంచి, ఆ స్థానంలో ఆక్సిన్ అనే హార్మోనును ఉంచితే ప్రక్క మొగ్గలు నిద్రాణంగానే ఉంటాయని 1933లో థిమాన్, స్కూగ్ చూపారు. 2014లో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టీన్ బెవరిడ్జ్ బృందం బఠాణీ మొక్కలపై పరిశోధించి దీనికి కొత్త వివరణ చేర్చింది. కొన తెగిన వెంటనే ప్రక్క మొగ్గలను మేల్కొల్పేది వాటికి చేరే చక్కెర. ఆక్సిన్ తగ్గుదల ప్రభావం ఆ తరువాతిది. ఇందులో తోటమాలికి ఒక పాఠమున్నది. చక్కెరను తయారుచేసేది ఆకు. కనుక కోతకు దిగువన కొన్ని మంచి ఆకులు మిగిల్చినప్పుడే కొత్త కొమ్మలకు బలం ఉంటుంది.

ఉత్తరాంధ్రలో నార కోసం గోగు సాగుచేసే రైతులు ఇందుకు విరుద్ధమైన ఫలితాన్ని కోరుతారు. విత్తనాన్ని ఒత్తుగా చల్లితే, పొరుగు ఆకుల నీడను ఫైటోక్రోమ్ పసిగట్టి, మొక్క కొమ్మలు వేయక నిటారుగా పెరుగుతుంది. నార పొడవుగా వస్తుంది. వారికి కొమ్మ నష్టం, మనకు కొమ్మే లాభం.

వయస్సును లెక్కించే మొక్క

అన్ని మొక్కలూ రాత్రిని కొలవవు. పొదగా పెరిగే టమాటా పగటి నిడివి ఎంత ఉన్నా వయస్సు రాగానే పూస్తుంది. ప్రతి కొమ్మా పూగుత్తితో ముగుస్తుంది. దాని కొమ్మలు తుంచితే కాయలు తుంచినట్లే. తీగవలె సాగే టమాటాకు మాత్రం ప్రక్క పిలకలు తీయుట మేలు.

గంజాయిలోనూ ఈ రెండు తెగలున్నాయి. నార గోగుకు కన్నాబినస్ అని శాస్త్రనామం వచ్చినది దాని ఆకు గంజాయి ఆకును పోలి ఉండుట చేతనే. సాధారణ గంజాయి హ్రస్వదీప్తికాల మొక్క. ఉత్తర శీతల ప్రాంతాల రుడెరాలిస్ తెగతో సంకరపరచినవి దీపం ఎన్ని గంటలు వెలిగినా కొద్ది వారాలకే పూస్తాయి. అటువంటి అల్పాయుష్షు మొక్కకు కోత గాయం మానేలోగా ఎదిగే కాలం గడిచిపోతుంది. అందుచేత దాని కొమ్మను కోయుట కంటే వంచుట మేలు. అయితే ఆస్ట్రేలియా రాష్ట్రాలలో అనుమతి లేక గంజాయి పెంచుట నేరం. 31 జనవరి 2020 నుండి క్యాన్‌బెరా రాజధాని ప్రాంత చట్టం పెద్దలకు తలకు రెండు మొక్కలు అనుమతించినా, కృత్రిమ దీపాల క్రింద పెంచుటను అక్కడ కూడ నిషేధించింది. కాబట్టి మన గుడారం గోంగూరకే.

గుడారంలో ఆచరణ

1. ఆకు కోసమైతే రోజుకు 15, 16 గంటలు దీపం వెలిగించాలి. మొక్క పూతకు పోదు.

2. ఏడెనిమిది ఆకులు వచ్చిన తరువాత, నాలుగవ కణుపుకు కొంచెం పైన శుభ్రమైన కత్తెరతో కొన తుంచాలి. ఒక్కసారి మూడవ వంతుకు మించి ఆకు కోయరాదు. కొత్త చిగుళ్ళు కనిపించే వరకు మరల కత్తెర ముట్టరాదు.

3. గుడారం ఎత్తు చాలకపోతే, లేత కాండాన్ని మెత్తని దారంతో కుండీ అంచుకు నెమ్మదిగా వంచి కట్టాలి. ఆకు నష్టపోకుండానే ప్రక్క కొమ్మలన్నిటికీ వెలుగు అందుతుంది.

4. విత్తనానికి ఒక మొక్కను కోయక విడిగా ఉంచి, రోజుకు 11 గంటల వెలుగు, 13 గంటల చీకటి ఇవ్వాలి. నడిరాత్రి కొద్ది నిమిషాలు దీపం వేసినా లెక్క తప్పవచ్చు. గోంగూర ఎక్కువగా స్వపరాగ సంపర్కం జరుపుకొనేది కనుక తేనెటీగ లేని గుడారంలోనూ కాయ కడుతుంది. కాయ ఎండి గోధుమరంగుకు తిరిగాక గింజ తీయాలి.

క్వీన్స్‌లాండ్‌లో ఉన్నవారికి విత్తనం కోసం గుడారం అవసరం లేదు. ఆరుబయటి శరదృతువే ఆ పని చేస్తుంది. అక్కడివారైనా పెరటి మొక్కపై రాత్రంతా వసారా దీపం పడకుండా చూసుకోవాలి. పిల్లలకు ఇదొక చక్కని ప్రయోగం కూడ. ఒకేనాడు విత్తిన రెండు కుండీలలో ఒకటి వసారా దీపం క్రింద, మరొకటి చీకటిలో ఉంచి, ఏది ముందు పూస్తుందో వారినే వ్రాసుకోమనండి.

పండిన గింజలను కాగితపు పొట్లంలో కట్టి, తేదీ వ్రాసి, పొడిచోట దాచండి. మిత్రులకు పంచండి, పశ్చిమ ఆస్ట్రేలియాకు, టాస్మేనియాకు పంపేముందు మాత్రం ఆ రాష్ట్రాల నిబంధనలు చూడండి. వచ్చే వసంతంలో విత్తే గోంగూరకు పుట్టిల్లు ఈ నేలే అవుతుంది.